విజయనగరంలో ఏడాదిన్నర పిల్లలకి ఈత క్లాసు: కోచ్‌కి మార్కులు, గేటుకి సున్నా

విజయనగరం ఊరి చివరనున్న ఒక ప్రైవేటు స్విమ్మింగ్ పూల్ వాళ్ళు ఈ వేసవి బోర్డులో కొత్త బ్యాచ్ ఒకటి చేర్చారు. ఏడాది నిండిన పిల్లల నుంచి మూడేళ్ళ వాళ్ళ దాకా చేర్చుకుంటారు, తల్లో తండ్రో కూడా నీళ్ళలో దిగాలి. పన్నెండు క్లాసులు, ఒక్కోటి అరగంట, మొత్తం మూడు వేల రూపాయలు. బ్యాచ్‌కి ఆరుగురే పిల్లలు. పూల్ పేరు కావాలనే రాయడం లేదు. మన ఊళ్ళలో సీజన్ మారితే కోచ్ మారిపోతాడు, కోచ్ మారితే క్లాసే మారిపోతుంది. పేరు చూసుకుని వెళ్తే వచ్చే ఏడు మోసపోతారు. ఏం చూడాలో తెలిస్తే శ్రీకాకుళంలో చేర్చినా, విశాఖలో చేర్చినా పనికొస్తుంది.

ముందే చెప్పేస్తే: పాఠం బాగుంది, నీళ్ళు ఫర్వాలేదు, కాపలా బాగోలేదు.

మన వైపు ఈత అంటే ఆరేడేళ్ళొచ్చాక నడుముకి సొరబుర్రో ట్యూబో కట్టి చెరువులోకో నూతిలోకో దింపడమే. ఏడాదిన్నర పిల్లని పూల్‌కి తీసుకెళ్తున్నామంటే ఇంట్లో పెద్దవాళ్ళు గయ్యిమంటారు. వాళ్ళ భయం అర్థం లేనిదేం కాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2000లో నాలుగేళ్ళు నిండాకే ఈత నేర్పమంది. 2010లో ఆ మాట సడలించింది. 2019కి వచ్చేసరికి, ఏడాది దాటిన పిల్లలకి పాఠాలు చెప్పిస్తే మునిగిపోయే ప్రమాదం తగ్గొచ్చని రాసింది. దీని వెనక 2009లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో పద్ధతిగా పాఠాలు తీసుకున్నవాళ్ళకి ముప్పు 88 శాతం తక్కువని అందులో తేలింది. అయితే లెక్కలోకి వచ్చిన పిల్లలు తక్కువమందే, కాబట్టి ఆ 88ని పట్టుకుని ధీమాగా ఉండడానికి లేదు. క్లాసుకి వెళ్ళిన పిల్లయినా గెడ్డ (వాగు) దగ్గర, పెరట్లో సంపు దగ్గర, బాత్రూంలో సగం నిండిన బకెట్ దగ్గర మిగతా పిల్లల్లాంటిదే. పెద్దవాళ్ళ చెయ్యి అందేంత దూరంలో ఉండాల్సిందే.

మరి పన్నెండు క్లాసుల్లో ఏం వస్తుంది? ఈత రాదు. ముఖం మీద నీళ్ళు పడితే గుటక వెయ్యకుండా ఊదడం, పడ్డ చోటి నుంచి గోడ వైపు తిరగడం, గట్టు పట్టుకుని వేళ్ళాడడం, వెల్లకిలా కాసేపు తేలడం. అంతే. ఇంకో సగం పాఠం పెద్దవాళ్ళకి: పిల్లని నీళ్ళలో ఎలా పట్టుకోవాలో చాలామందికి తెలీదు. ‘నెలలో ఈత గ్యారంటీ’ అని ఈ వయసుకి బోర్డు పెట్టిన చోటికి వెళ్ళకండి. ఇక్కడి కోచ్ మొదటిరోజే ఆ మాట తేల్చేశాడు, అది నచ్చింది.

నీళ్ళ సంగతి. చిన్నపిల్లల పూల్ విడిగా ఉంది, లోతు రెండడుగుల దగ్గర మొదలై రెండున్నర దగ్గర ఆగుతుంది. ఏడాదిన్నర పిల్ల ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల నీళ్ళు భుజాల దాకా వస్తాయి. నిలబడుతోంది కదా అని వదిలేస్తారు కొందరు. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. కాలు జారి ముందుకి పడితే తనంతట తాను తల ఎత్తుకోలేదు, కేక కూడా రాదు. రెండడుగుల పూల్‌లో కూడా చెయ్యి పిల్ల మీదే ఉండాలి.

ఈ వయసు పిల్లలకి నీళ్ళు 30 నుంచి 32 డిగ్రీల దాకా ఉంటే హాయి. పోటీలు జరిగే పూల్స్ 25 నుంచి 28 మధ్య ఉంచుతారు, అది వీళ్ళకి చలే. ఇక్కడ హీటర్ లేదు, మన ఎండే హీటరు. ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా సాయంత్రం ఐదింటికి నీళ్ళు ముప్పై దాటుతాయి, పొద్దున్న ఆరున్నరకి ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. దసరా తర్వాత వచ్చే సిరిమాను పండగ వెళ్ళాక ఈ బ్యాచ్‌లో చేరకండి, డిసెంబరు, జనవరిల్లో అసలే వద్దు. స్నానాల తొట్టిలో వేసే తేలే థర్మామీటర్ ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది, ఒకటి కొనుక్కుంటే ఎవర్నీ అడగక్కర్లేదు. పిల్ల పెదాలు నీలంగా మారినా, చేతులు ఛాతీకి దగ్గరగా మునగదీసుకున్నా, అప్పటిదాకా కేరింతలు కొట్టినది ఉన్నట్టుండి గమ్మునైపోయినా క్లాసు అయినట్టే. ఇంకా పది నిమిషాలుంది, డబ్బు కట్టాం అనుకోవద్దు.

మరి సాయంత్రం బ్యాచే మేలా అంటే, అక్కడో మెలిక ఉంది. స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ విరగకుండా కలిపే మందు) వెయ్యకపోతే ఆరుబయట పూల్‌లో క్లోరిన్ గంటల్లో విరిగిపోతుంది. పొద్దున్నుంచీ పెద్దపిల్లలు దిగిన నీళ్ళు కూడా అవే. అంటే సాయంత్రం నీళ్ళు వెచ్చగా ఉంటాయి గానీ క్లోరిన్ అడుగంటి ఉంటుంది. పొద్దున్న నీళ్ళు శుభ్రంగా ఉంటాయి గానీ చల్లగా ఉంటాయి. పరీక్ష ఎప్పుడు చేస్తారని అడిగితే పొద్దున్న ఆరింటికి అన్నారు. సాయంత్రం బ్యాచ్‌కి ముందు ఇంకోసారి చెయ్యమని అడగాలి, అడిగితే చేస్తున్నారు. పని చేసే క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అనే లెక్క) మధ్య, నీళ్ళ ఆమ్ల-క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. వీళ్ళ దగ్గరున్నది చుక్కలు వేస్తే పసుపు రంగు తిరిగే పాత కిట్టు. అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది గానీ అందులో క్రిముల్ని చంపేది ఎంత మిగిలిందో చెప్పదు. గులాబీ రంగు తిరిగే డీపీడీ కిట్టు ఆ తేడా చెబుతుంది. మూడు వేలు తీసుకునే చోట ఆ కిట్టు ఉండాలి.

ముక్కు మండేంత వాసన వస్తే క్లోరిన్ దండిగా వేశారు, నీళ్ళు శుభ్రం అనుకుంటారు. నిజం దాదాపు తిరగబడి ఉంటుంది. చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్‌కే ఆ ఘాటు. శుభ్రమైన పూల్ పెద్దగా వాసన రాదు. ఏ పరీక్షా చెయ్యలేకపోతే గట్టు మీద నిలబడి పెద్ద పూల్‌లో లోతు వైపు అడుగునున్న డ్రైన్ జాలీ చూడండి. జాలీ గీతలు విడివిడిగా కనబడకపోతే ఆరోజు దిగొద్దు, మునిగినవాళ్ళు కూడా కనబడరు. చిన్న పూల్ జాలీ పగిలిందేమో, స్క్రూలు ఊడాయేమో కాలితో తడిమి చూడండి. పంపు లాగుడుకి జుట్టు, దారం, వేళ్ళు ఇరుక్కునేది అక్కడే. ఇక్కడ జాలీ గట్టిగానే ఉంది.

దారం అంటే గుర్తొచ్చింది. మన పిల్లల ఒంటి మీద ఉండే సామానంతా ఇంటి దగ్గరే తీసెయ్యాలి: మొలతాడు, మెడలో తాయెత్తు, కాళ్ళకి పట్టీలు. మెడ తాడు దేనికైనా తగులుకుంటే ఉరే. వెండి పట్టీలు క్లోరిన్‌కి నల్లబడతాయి, మువ్వ ఊడితే నోట్లోకి పోతుంది. కాటుక కరిగి కళ్ళలోకి దిగుతుంది, పిల్ల కళ్ళు నులుముకుంటూ ఏడుస్తుంటే నీళ్ళకి భయపడుతోందనుకుంటాం. ఆదివారం నూనె పట్టించి తలంటి తెచ్చేవాళ్ళకి ఇంకో మాట: నూనె ఒంటి మీద మిగిలితే నీళ్ళ మీద తెట్టు కడుతుంది, అంతకన్నా ముఖ్యం, చంకల కింద పట్టు జారిపోతుంది. నూనె క్లాసయ్యాక రాయండి, క్లోరిన్‌కి పొడిబారిన చర్మానికి మంచిదే. దిగే ముందు మాత్రం సబ్బుతో షవర్ స్నానం.

డైపర్ విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. మామూలు డైపర్ పూల్ నీళ్ళని పీల్చి ఉబ్బిపోతుంది, లోపలి జెల్ బయటికొచ్చి ఫిల్టర్‌లోకి పోతుంది. స్విమ్ డైపర్ అని వేరే ఉంటుంది. అది మూత్రాన్ని ఆపదు, మలాన్ని కాసేపు ఆపుతుంది, అంతే. కాబట్టి ఇంటి దగ్గర తొడిగి తేకండి, ఆటోలో తడుస్తుంది. పూల్ దగ్గర, దిగే ముందే వెయ్యాలి. ఉతికి వాడేది కొంటే తొడల దగ్గర ఎలాస్టిక్ ఒంటికి అతుక్కుని ఉండేది చూడండి, వదులుగా ఉంటే వేసినా వెయ్యనట్టే. ఊళ్ళో మెడికల్ షాపుల్లో వెతుక్కోవాలి, ముందే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం నయం. విరేచనాలైన పిల్లని, అవి తగ్గాక కూడా రెండు వారాల దాకా తేవొద్దు. క్రిప్టోస్పొరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి బతుకుతుంది. పూల్‌లో పలచటి విరేచనం అయితే క్లోరిన్‌ని 20 పీపీఎం దాకా పెంచి దాదాపు పదమూడు గంటలు ఉంచాలి, స్టెబిలైజర్ కలిపిన నీళ్ళయితే ఇంకా ఎక్కువసేపు. ‘అలా జరిగితే ఏం చేస్తారు’ అని అడిగితే ‘నెట్‌తో తీసేస్తాం’ అన్నాడు నీళ్ళు చూసే కుర్రాడు. ఇది ఇక్కడే కాదు, చాలా చోట్ల ఇంతే.

ఇక పాఠం. ఈ బ్యాచ్‌లో డబ్బుకి తగ్గది ఇదే. మొదటి క్లాసు పావుగంటలో ముగించేస్తాడు, అదే సరైన పద్ధతి. ముందు గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు ఆడించడం, తర్వాత మగ్గుతో భుజాల మీద నీళ్ళు. పెద్దవాళ్ళు ముందు మెట్ల మీంచి దిగి తిరిగి నిలబడాలి, పిల్లని కోచ్ అందిస్తాడు. పిల్లని ఎత్తుకుని తడి మెట్లు దిగడానికి ఎవర్నీ ఒప్పుకోడు.

చంకల కింద రెండు చేతులు, ముఖానికి ముఖం, ఇది మొదటి పట్టు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు నిటారుగా నిలబడిపోవడం. అలా నిలబడితే పిల్ల నడుము పైనంతా గాలికి ఉంటుంది, తడి ఒంటికి గాలి తగిలి వణుకు మొదలవుతుంది. పెద్దవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తమ భుజాలు కూడా నీళ్ళలో ఉంచాలి, కళ్ళు పిల్ల కళ్ళకి సమానంగా ఉండాలి. “ఏటీ అవదు, మీరూ ములగండి, ఒడ్డున నిలబడ్డట్టు నిలబడితే ఎలాగ” అని కోచ్ క్లాసంతా అంటూనే ఉంటాడు.

ముఖం మీద నీళ్ళు ఇంటి దగ్గరే మొదలవ్వాలి. మన ఇళ్ళలో పసిపిల్లకి కాళ్ళ మీద పడుకోబెట్టి స్నానం చేయించేటప్పుడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళలోకి ముక్కులోకి నీళ్ళు రాకుండా పోస్తారు. ఆ చెయ్యికి అలవాటుపడ్డ పిల్లకి పూల్‌లో చిన్న చిందు పడినా గాభరాయే. కాబట్టి క్లాసుకి వారం ముందు నుంచి ‘ఒకటి, రెండు, మూడు’ అని చెప్పి అర మగ్గు నీళ్ళు తల వెనక నుంచి పొయ్యండి, చెయ్యి కొంచెం కొంచెంగా తీసెయ్యండి. పూల్‌లో కూడా కోచ్ అవే మూడు అంకెలు వాడతాడు. ఆ వరస విన్న పిల్ల ఊపిరి బిగబట్టడం నెమ్మదిగా దానంతటదే వస్తుంది. అంకెలు చెప్పకుండా ఒక్కసారి పోస్తే ఆ నమ్మకం పోతుంది, మళ్ళీ మొదటికి.

బుడగలు ఊదడం తేలిక అనుకుంటాం గానీ ఈ వయసు పిల్లలు ఊదమంటే పీలుస్తారు. నీళ్ళ దగ్గర అలా చేస్తే పొలమారుతుంది. ఇక్కడ పింగ్‌పాంగ్ బంతి నీళ్ళ మీద వేసి ఊదించి తోయిస్తారు. అది కుదరని పిల్ల చేత పెదాలు మూసి ‘మ్మ్మ్’ అనిపిస్తే చాలు, ముక్కులోంచి గాలి బయటికొస్తున్నంతసేపు నీళ్ళు లోపలికి రావు. వెల్లకిలా తేలడం మాత్రం ఏడాదిన్నర దాటిన పిల్లలకి చచ్చినా నచ్చదు. పిల్ల తల మీ భుజం మీద, చెంపకి చెంప ఆనించి, వీపు కింద అరచెయ్యి పెట్టి, ఐదు సెకన్లు చాలు. మొరాయిస్తే వదిలెయ్యండి, మర్నాడు ఎలాగూ ఉంది.

ఈ కోచ్ ప్రాణం పెట్టి నేర్పేది గోడ. ప్రతి క్లాసులో పది నిమిషాలు దానికే. గట్టు అంచు పట్టుకుని చేతులు మారుస్తూ పక్కకి జరగడం, గట్టు మీద కూర్చుని నీళ్ళలోకి జారి, పెద్దవాళ్ళు నడుము పట్టుకుని ఉండగా తిరిగి గోడ అందుకోవడం. తర్వాత పైకెక్కడం: మోచెయ్యి, మోచెయ్యి, పొట్ట, మోకాలు. ఈ నాలుగు మాటలూ పాటలా పాడిస్తాడు. పిల్లని ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టబోయిన తాతగారిని కూడా ఆపేశాడు. ఆ ఎక్కడం నేర్చుకోవడానికే వచ్చింది మరి.

బలవంతంగా ముంచడం ఇక్కడ లేదు, అది పెద్ద ప్లస్. ఈ వయసు పిల్లల్ని మళ్ళీ మళ్ళీ ముంచితే నీళ్ళు గుటకలుగా లోపలికి పోతాయి. ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, మత్తు, ఇంకా ముదిరితే ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ‘పుట్టుకతోనే ఊపిరి బిగబట్టడం వస్తుంది’ అని ముంచేవాళ్ళు చెప్పే మాట నెలల పిల్లల్లో కనిపించే ఒక అసంకల్పిత చర్య గురించి, అది నేర్చుకున్న విద్య కాదు. ఏడుపులో కూడా రెండు రకాలున్నాయి. అలిగి ఏడ్చే పిల్ల బంతి చూపిస్తే ఆగుతుంది. ఒళ్ళు కొయ్యబారి, వెనక్కి విరుచుకుని, గట్టెక్కాక కూడా ఆగకపోతే ఆరోజుకి చాలు.

ఫ్లోటర్ల దగ్గర ఈ పూల్ మార్కులు పోగొట్టుకుంది. క్లాసు చివరి ఐదు నిమిషాలు ఆటకని చేతులకి గాలి రెక్కలు తొడిగి వదులుతారు. అవి ప్రాణరక్షణ సామాను కాదు, గాలి పోవచ్చు, జారి ఊడొచ్చు. ఊడకపోయినా నష్టమే: పిల్లని నిలువుగా, సైకిలు తొక్కుతున్నట్టు ఉంచుతాయి. ఈతకి కావలసింది పడక భంగిమ. పైగా నీళ్ళలోకి దూకితే తేలుతానని పిల్లకి నమ్మకం కుదిరిపోతుంది, రెక్కలు లేని రోజు కూడా దూకుతుంది. మాకొద్దని చెబితే బలవంతపెట్టరు.

అసలు ఫిర్యాదు కాపలా గురించి. గేటుకి గొళ్ళెం ఉంది, పిల్లలకి అందని ఎత్తులోనే ఉంది. కానీ రాకపోకలకి అడ్డమని గేటుని ఒక నైలాను తాడుతో స్తంభానికి కట్టి ఎప్పుడూ బార్లా తీసి ఉంచుతారు. గేటు దాటితే పెద్ద పూల్ లోతు వైపు నాలుగడుగుల దూరం. తడి బట్టలు మారుస్తుంటే జారిపోయే వయసు పిల్లలకి ఆ నాలుగడుగులు ఎంతసేపు? లైఫ్‌గార్డు సాయంత్రం ఉంటాడు, పొద్దున్న బ్యాచ్‌లో కోచే లైఫ్‌గార్డు. ఆరుగురికి పాఠం చెబుతున్న మనిషి కాపలా కాయలేడు, రెండింటికీ ఇద్దరుండాలి. మునిగిన పిల్లని తీస్తే ఏం చేస్తారని అడగండి. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం అనే జవాబు వస్తే ఆ చోటు వద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో శ్వాస ఇవ్వాలి, తర్వాత ఛాతీ నొక్కులు, 30 నొక్కులకి 2 శ్వాసలు, పక్కవాళ్ళు 108కి ఫోన్. ఇక్కడి కోచ్ ఆ వరస తప్పులేకుండా చెప్పాడు.

బట్టలు మార్చుకునే గదులు రెండున్నాయి, కొక్కేలు లేవు, నేల జారుతుంది. దిగే తల్లులు చున్నీ, వదులు కాటన్ బట్టలు వేసుకోవద్దు, తడిస్తే బరువెక్కి పిల్ల కాళ్ళకి చుట్టుకుంటాయి. నైలాను, పాలిస్టరు ఫుల్ సూట్‌లకి ఇక్కడ అభ్యంతరం లేదు. పిల్లకి నీలం, తెలుపు కొనకండి, నీళ్ళలో కలిసిపోతాయి. మెరిసే నారింజ రంగయితే అడుగున కూడా కనబడుతుంది. గట్టు మీది నాపరాళ్ళు సాయంత్రం కూడా కాలుతుంటాయి, పిల్లకి చెప్పులుండాలి. మే సాయంత్రాలు మన వైపు గాలివానలు మామూలే. ఉరుము వినబడితే వెంటనే గట్టెక్కాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగకూడదు. ఈ నియమం బోర్డు మీద ఉంది, పాటిస్తున్నారు కూడా.

కడుపునిండా పెట్టి తేకండి, గంట ముందే పెట్టెయ్యండి. అయ్యాక తల అటూ ఇటూ వంచి తుండు అంచుతో చెవి బయట తుడిస్తే చాలు, పుల్ల పెట్టొద్దు. నీళ్ళు పొలమారిన రోజు కొన్ని గంటలు కనిపెట్టి ఉండండి. దగ్గు తగ్గకపోయినా, ఎగశ్వాస వచ్చినా, పిల్ల మత్తుగా వాలిపోతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చెవిలో గొట్టాలు వేయించుకున్న పిల్లలు, ఫిట్స్ వచ్చే పిల్లలు డాక్టరు మాట తీసుకున్నాకే.

డబ్బు మొత్తం ముందే కట్టక్కర్లేదు, రెండు వందలకి ఒక డెమో క్లాసు ఇస్తారు. సాయంత్రం బ్యాచ్ అడగండి, లైఫ్‌గార్డు ఉండేది అప్పుడే. జలుబొచ్చి క్లాసు పోతే ఇంకో రోజు ఇస్తామని నోటిమాటగా అన్నారు గానీ రసీదు మీద ‘కట్టిన సొమ్ము వాపసు లేదు’ అనే ముద్రే ఉంది, ఆ మాట కూడా దాని మీదే రాయించుకోండి.